కొట్టేసిన మాట

మంగళవారం, మధ్యాహ్నం

పిచ్చుకా,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. క్షేమం అనే మాట మా వయసులో ఎంత సాగదీస్తే అంత సాగుతుంది కనక ధైర్యంగానే రాస్తున్నాను. అక్కడ నువ్వూ, అల్లుడూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చూసి సంతోషించాం. నమ్మక తప్పదు మరి. మీ క్షేమం గురించి నువ్వు అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ రాయవు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు నా మాట వినడం మానేసింది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. మనింట్లో మెట్లే లేవు కనక ఆ సలహా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. మీ నాన్న చెవి మిషను బాగానే పనిచేస్తోంది, ఆయనే దాన్ని పనిచేయనివ్వడం లేదు. నేను నోరు తెరవగానే బ్యాటరీ అయిపోయిందంటారు. వంటింట్లో నిలబడి "టీ" అని గొణిగితే మాత్రం ముందు గదిలోంచి "వస్తున్నా" అంటారు. ఆయన సంగతి నువ్వు బెంగపెట్టుకోవలసినంత లేదు.

మా పత్రిక సంఘం వాళ్ళు నన్ను జీవితకథ రాసిమ్మన్న మాట నిజమే. నలభై పేజీలు రాశాను కూడా. మొన్న కూర్చుని మొదటినుంచీ చదువుకున్నాను. పత్రిక ఉంది, ప్రెస్సు ఉంది, నా పద్నాలుగు పుస్తకాలున్నాయి, నాతో పోట్లాడిన ప్రబోధకులు పేరుపేరునా ఉన్నారు. నీ కోసం వెతికితే పదిహేడో పేజీలో దొరికావు. "ఈలోగా ఒక ఆడపిల్ల పుట్టింది" అని రాశాను. అంతే ఉంది. పైగా "ఈలోగా" అనవసరమని ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉంది. ఆ రోజునుంచీ జీవితకథ ముందుకు సాగడం లేదు.

ఇక నీ నాలుగో ప్రశ్న. దాన్ని సంతకం కింద రాశావు, కవరు మూసేముందు గుర్తొచ్చినట్టు. నువ్వు కోర్టులో స్టెనోగ్రాఫరువి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరు ఏ మాట అంటే ఆ మాట, ఏ వరసలో అంటే ఆ వరసలో దించుతున్నదానివి. సంతకం కింద ఏదీ ఊరికే రాయవు. దానికి జవాబు చెబుతాను, కాస్త ఆగు. నేను అక్కడిదాకా నడిచి రావాలి, నా నడక ఎలా ఉందో ఇందాకే చెప్పాను.

తప్పులు పట్టే రోగం వల్లే నేను ఈ పనిలోకి వచ్చానని నీకు తెలుసు. పెళ్ళైన ఏడాదికి మీ నాన్నమ్మకు వచ్చే భక్తి మాసపత్రిక ఒకరోజు నా చేతిలో పడింది. "భక్తితో సేవించాలి" అనవలసిన చోట "భుక్తితో సేవించాలి" అని అచ్చయింది. నాకు నవ్వాగలేదు. అక్కణ్ణించి చివరి పేజీదాకా వెతికితే పందొమ్మిది తేలాయి. అన్నీ ఒక కార్డు మీద రాసి పంపాను. వారం తిరక్కుండా సంపాదకుడు జవాబు రాశాడు: "పట్టినవాళ్ళే దిద్దాలి. సోమవారం రండి." ఆ పెద్దాయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఆయనకు ఒకే సూత్రం ఉండేది. "దేవుడి గురించి రాసేటప్పుడు ఒక్క మాట ఎక్కువైనా అబద్ధమేనమ్మా. అనుమానం వస్తే కొట్టెయ్" అనేవాడు. నేను కొట్టేయడంలో ఆయన్ని మించిపోయాను. ఒక ప్రబోధకుడు రాసిన ఆరు పేజీల వ్యాసంలోంచి నలభై ఒక్క "అయితే"లు తీసేస్తే, ఆయన ఆఫీసుకొచ్చి "నా వ్యాసంలో నేను మిగల్లేదండీ" అని వాపోయాడు.

నీకు నాలుగేళ్ళప్పుడు శనివారాలు నిన్ను కూడా ఆఫీసుకు తీసుకెళ్ళేదాన్ని. నేను చెప్పులు వేసుకోగానే నా చెయ్యి పట్టుకుని "నీ కూడా వస్తా, నీ కూడా వస్తా" అని గుమ్మం దాకా వేళ్ళాడేదానివి. అక్కడ బల్లకింద కూర్చుని పారేసిన ప్రూఫు కాగితాల మీద బొమ్మలు వేసుకునేదానివి. పైన కుర్చీలో నేను, నా కాళ్ళ దగ్గర నువ్వు, కిటికీ పక్కన సీసపు అక్షరాలు ఏరుకుంటూ కంపోజిటరు మావయ్య. మాసిన చొక్కా జేబులోంచి బఠాణీలు తీసి నీకు పెట్టేవాడు. సిరా వాసన కొడుతున్నా గుప్పెడు గుప్పెడు తినేదానివి. నా ఉద్యోగంలో అన్నిటికన్నా మంచి రోజులు అవేనేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు మాత్రం నువ్వు ఎప్పుడు పెద్దదానివవుతావా, నా పని ఎప్పుడు సాగుతుందా అని చూసేదాన్ని.

నీకు పదకొండో ఏడు వచ్చేసరికి మీ నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగమైంది. బడి వదిలాక నిన్ను చూసేవాళ్ళు లేక హాస్టల్లో చేర్చాం. సరిగ్గా ఆ నెలలోనే పెద్దాయనకు చూపు పోయింది. వార్షిక సంచిక నెత్తిమీద ఉంది. ఆయన నన్ను పిలిచి, కుర్చీ చేతులు తడుముకుంటూ లేచి, "ఇందులో కూర్చోమ్మా" అన్నాడు. అలా సంపాదకురాలినయ్యాను. చూడ్డానికి వచ్చిన మొదటి పాఠకుడు నన్ను తేరిపార చూసి, "సరేగానీ అమ్మా, లోపల పెద్దవాళ్ళెవరైనా ఉంటే పిలవండి" అన్నాడు. ఉత్తరాలన్నీ "అయ్యా" అనే వచ్చేవి. ఒక్క తప్పు దొర్లినా ఆడదాని చేతుల్లో పెడితే ఇంతే అంటారని నాకు భయం. ఆ భయంతోనే పొద్దున్న ఏడింటికి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేదాన్ని.

నువ్వు హాస్టల్నుంచి మూడు ఉత్తరాలు రాశావు. మూడూ చదివాను. సంచిక వెళ్ళిపోగానే తీరిగ్గా పెద్ద ఉత్తరం రాద్దామనుకుని ఒక్కదానికీ జవాబివ్వలేదు. నాలుగోది ఆఫీసు అడ్రసుకు రాశావు. ఇంటికి రాస్తే అందడం లేదనుకున్నావేమో. నా బల్లమీద "దిద్దవలసినవి" అనే ట్రే ఉండేది, గుమాస్తా దాన్ని తెచ్చి అందులో పడేశాడు. పైన ఒక పాటల రచయిత పద్యాలు, కింద ఎవరిదో యాత్రా వ్యాసం. మధ్యలో నీ ఉత్తరం. నాకు అది ఇప్పటికీ అక్షరం అక్షరం నోటికొచ్చు.

"అమ్మా, నాకు ఇక్కడ బాగోలేదు. నీకు మూడు ఉత్తరాలు రాసేను. నిన్న మెట్ల మీద కూర్చుని ఏడిచాను. దేవుడు కూడా ఏమీ అనలేదు. నేను నీ కూడా వచ్చేస్తాను."

ఎర్ర పెన్సిలు చేతిలోనే ఉంది. "రాసేను"ని "రాశాను" చేశాను. "ఏడిచాను"ని "ఏడ్చాను" చేశాను. "దేవుడు కూడా" దగ్గర "కూడా" కొట్టేసి, పక్కన "ఎందుకు? ఇంకెవరు అనలేదు? అనవసరం" అని రాశాను. "నీ కూడా" దగ్గర "వాడుక మాట, 'నీతో' అనాలి" అని దిద్దాను. అడుగున, రోజుకు ఇరవైసార్లు రాసే ముక్కే రాశాను: "తిరగరాసి పంపగలరు." కింద "సం." అని సంతకం పెట్టాను. సంపాదకురాలు అనడానికి మేం అలా పొట్టిగా రాసేవాళ్ళం. అమ్మ అని రాయవలసిన చోట సం. అని రాసి, గుమాస్తాకిచ్చి పోస్టు చేయించాను.

వారానికి నీ జవాబు వచ్చింది. "అమ్మకు నమస్కారములు. నేను ఇక్కడ క్షేమముగా ఉన్నాను. చదువు బాగుగా సాగుచున్నది. మీరు క్షేమమని తలచుచున్నాను." నాలుగు వాక్యాలు, ఒక్క తప్పు లేదు. నేను ఎంత పొంగిపోయానో చెబితే నువ్వు నవ్వుతావో, ఉత్తరం చింపేస్తావో తెలియదు. ఆఫీసంతా తిప్పి చూపించాను. "పదకొండేళ్ళకే ఎంత పొందికో చూడండి" అన్నాను. కంపోజిటరు మావయ్య దాన్ని చూసి, "పొందిగ్గానే ఉందక్కా. పాపే రాసిందా?" అని మాత్రం అడిగి, మళ్ళీ తన అక్షరాల్లోకి తల వంచుకున్నాడు. అప్పటినుంచి మొన్నటి ఉత్తరం దాకా ఈ నలభై ఏళ్ళూ నువ్వు నాకు రాసినవన్నీ ఆ నాలుగు వాక్యాలే. నీ పెళ్ళి సంగతి అలాగే రాశావు, రెండోసారి కడుపు పోయిన సంగతీ అలాగే రాశావు. తిరగరాసి పంపమన్నాను, పంపుతూనే ఉన్నావు.

ఇక్కడిదాకా చాలావరకు నీకు తెలిసిందే. ఇక్కణ్ణించి నీకు తెలియనిది.

ఐదేళ్ళ తర్వాత నా ఏడో పుస్తకం రాశాను. ఏడో పుస్తకం కనక ఏడుపు పుస్తకం అని మీ నాన్న వేళాకోళం చేసేవారు. దుఃఖంలో ఉన్నవాళ్ళ కోసం రాసిన వ్యాసాలే అన్నీ. ఒక వ్యాసానికి మొదలు కుదరక తొమ్మిది రోజులు కాగితాలు నలిపి పారేశాను. పదో రోజు చెయ్యి దానంతటదే రాసింది: "ఒకరోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దేవుడు కూడా ఏమీ అనలేదు." రాసి చూసుకుంటే బాగుంది. నాదే అనుకున్నాను. ఒట్టేసి చెప్పగలను, ఆ పూట అది నాదే అనుకున్నాను. అచ్చుకిచ్చేశాను.

ప్రూఫు వచ్చింది. మావయ్య పక్కన నిలబడ్డాడు. ఆ వాక్యం దగ్గరకొచ్చేసరికి నా పెన్సిలు "కూడా" మీద ఆగింది. "ఇంకెవరు అనలేదు?" అని ఎవరో అడిగినట్టయింది. అది నా రాతే, నీ ఉత్తరం అంచున నేను రాసిన ప్రశ్నే. జవాబు కూడా అప్పుడే తెలిసింది. మూడు ఉత్తరాలు రాసినా పలకనిది ఎవరు? ఆ "కూడా" నేను, పిచ్చుకా. నువ్వు దేవుడి మీద చేసిన ఫిర్యాదు కాదది. అమ్మ ఏమీ అనలేదు, ఆఖరికి దేవుడు కూడా ఏమీ అనలేదు అన్నావు. ఆ మాట అక్కడ ఉంటే చదివిన ప్రతివాళ్ళూ ఇంకెవరని అడుగుతారు. తీసేస్తే వాక్యం తిరగబడి ఓదార్పు అయిపోతుంది: ఏడ్చాను, దేవుడు ఏమీ అనలేదు. ఎందుకేడుస్తావని కసరలేదు, ఊరుకోమని గదమలేదు, ఏడవనిచ్చాడు. ఎంత బాగుందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. కొట్టేశాను.

మొదటిసారి తెలియక కొట్టేశానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండోసారి తెలిసే కొట్టేశాను. మన భాషలో కొట్టేయడం అంటే రెండర్థాలు. నేను రెండూ చేశాను.

పుస్తకం వచ్చాక మీ నాన్న ఆ పేజీ చదివి, "మెట్లేమిటే? మనింట్లో మెట్లెక్కడున్నాయి?" అన్నారు. "అవి ఆధ్యాత్మికమైన మెట్లు" అన్నాను. ఆయన కళ్ళద్దాల మీదనుంచి నా వైపు చూసి, మళ్ళీ పేపరు చదువుకున్నారు.

తర్వాత సంగతి లోకానికి తెలుసు. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు నా మిగతా పద్నాలుగు పుస్తకాలకూ కలిపి రాలేదు. (పదమూడు అనాలి. దిద్దను, ఉండనీ.) బిడ్డ పోయినవాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు, ఆస్పత్రి మంచం మీదున్నవాళ్ళు రాశారు. చదివి తనివితీరా ఏడ్చామన్నారు. అందరికీ నేను స్వయంగా జవాబులు రాశాను. ఒక్కరికీ ఆలస్యం చెయ్యలేదు. దేవుడి మౌనం గురించి ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. నా మౌనం గురించి రాయడం ఇదే మొదలు.

ఇప్పుడు నీ ప్రశ్న. మీ కోర్టులో లారీ ప్రమాదం కేసులో సాక్ష్యం చెప్పిన ముసలావిడను వకీలు "ఆ తర్వాత మీరేం చేశారు?" అని అడిగితే, "ఏడ్చానయ్యా. దేవుడు ఏమీ అనలేదు" అన్నదని రాశావు. కేసుకు అక్కర్లేని మాట రాయొద్దని జడ్జిగారు చెప్పినా నీ చెయ్యి రాసేసిందన్నావు. బయటికొచ్చాక ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసి చూపించిందన్నావు. నా పుస్తకాలు చదవనని నువ్వు పద్దెనిమిదో ఏట నా మొహం మీదే చెప్పావు, మాట తప్పలేదు. అందుకే నీ వాక్యం నీకు చేరడానికి ఇన్నేళ్ళూ ఒక పరాయి మనిషీ కావలసి వచ్చింది. సంతకం కింద అడిగావు: "ఆ మాట నీకెలా తట్టిందమ్మా?"

నాకు తట్టలేదు తల్లీ. నీది.

ఈ సంగతి నేను నీ ఉత్తరం రాకపోయినా చెప్పేదాన్నా అంటే, చెప్పేదాన్నని అనలేను. అయితే ఇంకో చిక్కు వచ్చిపడింది. మన పత్రిక పాత ఆఫీసును చదువుకునే మందిరం చేస్తున్నారు. గుమ్మం పక్క గోడకు రాతి పలక పెట్టి దాని మీద ఆ వాక్యం, కింద నా పేరు చెక్కిస్తామన్నారు. నేను మొహమాటపడుతూ సరేనన్నాను. మొహమాటం నటనే, లోపల చక్కిలిగింతలు పెట్టినట్టే ఉంది. నీ ఉత్తరం వచ్చిన మూడోనాడు మావయ్య వచ్చాడు. పాత ఆఫీసు బీరువా అరల్లో పరిచిన కాగితాలు తీస్తుంటే కనబడిందని ఒక ప్రూఫు నా చేతిలో పెట్టాడు. ఆ పేజీయే. "కూడా" మీద నా ఎర్రగీత ఇంకా వెలిసిపోలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"పాప ఉత్తరం ఆ రోజు ట్రేలో నేనూ చూశానక్కా. నువ్వు గీత గీస్తుంటే చెబుదామనుకున్నాను. అక్షరాలు పేర్చేవాణ్ణి, మాటల్లో వేలు పెట్టకూడదని ఊరుకున్నాను." లేచి వెళ్ళబోతూ, "ఊరుకోకుండా ఉండాల్సింది" అన్నాడు.

మర్నాడే సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. చెక్కితే "కూడా"తో చెక్కాలని, నా పేరు ఉండకూడదని అన్నాను. ఆయన నా ఆరోగ్యం గురించి అడిగాడు. ఆ తర్వాత, "అలా అంటే దేవుడి మీద ఫిర్యాదులా ఉంటుందమ్మా" అన్నాడు. "ఫిర్యాదేనండీ. చేసింది పదకొండేళ్ళ పిల్ల" అన్నాను. వాక్యం నా కూతురిదని, నా పేరు వెయ్యడానికి ఒప్పుకోనని అక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి సొరుగులో పెట్టుకున్నాడు. ఊళ్ళో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. మొన్న కూరల కొట్టు దగ్గర ఒకావిడ నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆవిడ భర్త పోయినప్పుడు ఆ వాక్యం పటం కట్టించుకుంది. ఆవిడ కోపం నాకు అర్థమైంది. ఆ ఓదార్పు అబద్ధమని నేను అనను. ఆవిడకు అది అందింది. నీకే అందలేదు, నువ్వడిగింది ఓదార్పు కాదు, నన్ను.

రాయి చెక్కే మేస్త్రీ నిన్న కొలతలకు వచ్చాడు. "రెండక్షరాలు ఉంటాయో ఉండవో ఇప్పుడే చెప్పండమ్మా. చెక్కాక దిద్దడం కుదరదు" అన్నాడు. జన్మంతా దిద్దిన నాకు అతను చెప్పిన మాట కొత్తగా వినబడింది. నా కూతుర్ని అడగాలి, అంతవరకూ చోటు వదిలి గీతలు గీసుకోమన్నాను. నువ్వు "కూడా" ఉండాలంటే ఉంటుంది. ఆ వాక్యమే వద్దంటే రాయి ఉత్తిగా ఉంటుంది, అధ్యక్షుణ్ణి నేను చూసుకుంటాను. నీ వాక్యం మీద ఇకముందు నా పెన్సిలు పడదు.

ప్రూఫు కాగితం ఇందులో పెడుతున్నాను. మీ కోర్టు భాషలో సాక్ష్యం అనుకో. నన్ను క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. అడిగితే నువ్వు నాలుగు వాక్యాల్లో క్షమించేస్తావని భయం. నువ్వు తిట్టి రాసినా సరే, రాయి. వాడుక మాటల్లో రాయి, చెప్పినమాటే రెండుసార్లు చెప్పు, ఎన్ని "కూడా"లు కావాలంటే అన్ని వెయ్యి. తిరగరాయకుండా పంపు.

శుక్రవారం పొద్దున్న బండికి నేను బయల్దేరుతున్నాను. మీ నాన్నకు చెబితే మిషను పెట్టుకోకుండానే వినబడింది, సంచి సర్దుతున్నారు. ఈ ఉత్తరం నాకన్నా ముందు చేరుతుంది. ఇంటికి రావద్దనిపిస్తే రాను. మీ కోర్టుకు పెద్ద మెట్లున్నాయని ఒకసారి రాశావు, ఆ ఒక్క సంగతి ఎందుకో ఎక్కువ రాశావు. వాటిమీద కూర్చుంటాను. డాక్టరు ఎక్కొద్దన్నాడు గానీ కూర్చోవద్దనలేదు. పని అయ్యాక నువ్వు వచ్చి పక్కన కూర్చుంటే కూర్చో. ఏడవాలనిపిస్తే ఏడు. నలభై ఏళ్ళ కింద అనవలసిందంతా నాకు గుర్తుంది, ఈసారి నేను అంటాను.

ఈ ఉత్తరాన్ని రెండోసారి చదవకుండా కవరు మూస్తున్నాను.

ఇట్లు,
నీ కూడా,
అమ్మ